బూడిదరంగు గడిలోని దిద్దుబాటు

ముప్పైయొక్క సంవత్సరాలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్ళు ఆయనవి. తప్పు కనబడితే చాలు, ఎర్రపెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టేవాడు గనుక అందరికీ సున్నాల మాస్టారయ్యాడు. అచ్చాఫీసు మూతపడిన తరువాత, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో కొలువు దొరికింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వివరించే పేజీలు కంప్యూటరులో ఉంటాయి. వాటిలోని అక్షరదోషాలను దిద్దడమే పని. నాలుగో అంతస్తులో, మంచినీళ్ళ యంత్రం పక్కన ఆయన బల్ల. తెల్లవారుజామున స్తోత్రపాఠానికి కూర్చునే నిష్ఠతోనే ఆ బల్ల ముందూ కూర్చునేవాడు. నశించనిది గనుకనే దానికి అక్షరమని పేరు. దానికి మచ్చ అంటితే చూస్తూ ఊరుకోవడం ఆయన లెక్కలో పాపమే.

ఆ పేజీలు రాసేది కూతురి ఈడు అమ్మాయి. మాస్టారు చేరిన మొదటివారం పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టి, లోపలికి పోయే దారిలేక బిక్కమొహం వేస్తే, ఆమే జాలిపడింది.

"ఎందుకు బాబాయిగారూ ఈ తిప్పలు? నా పేరుతో తెరిచి పెడతాను, మీరు దిద్దేయండి."

రెండురోజుల కోసమనుకున్న ఆ ఏర్పాటు ఏడాదిన్నర సాగింది. పేజీలో ఏ చిన్న మార్పు జరిగినా, చేసినవారి పేరు మార్పుల పట్టికలో దానంతట అదే పడుతుంది. మాస్టారు దిద్దిన నాలుగువేల పైచిలుకు తప్పులూ ఆ అమ్మాయి పేరు మీదనే పడ్డాయి. అది ఆయనకు లోలోపల ముల్లై గుచ్చుకునేది.

"కళ్ళు పాడయ్యేది నాకు, పేరు ఆ పిల్లకు," అని ఇంట్లో గొణిగేవాడు.

"పెళ్ళైన కొత్తలో నేను రాసిన ఉత్తరాలు కూడా దిద్ది తిప్పి పంపారుగా," అనేది భార్య. "అప్పుడూ కింద సంతకం నాదే. ఇన్నేళ్ళూ నేనేమైనా పొంగిపోయానా? చల్లారిపోతోంది, తినండి."

పేజీల నడుమ అక్కడక్కడ బూడిదరంగు గడులుంటాయి. యంత్రానికి ఇవ్వవలసిన ఆదేశాలు వాటిలో ఉంటాయి. చేరిన రోజే ఆ అమ్మాయి వేలుపెట్టి చూపించి మరీ చెప్పింది: "ఈ గడిలోది మన మాట కాదు బాబాయిగారూ. తప్పున్నా సరే, ముట్టుకోకండి. పుట్టినప్పుడు ఏ పేరు పెట్టారో ఆ పేరుతో పిలిస్తేనే అది పలుకుతుంది."

మాస్టారు బుద్ధిమంతుడిలా తలూపాడు. కాని ఆ గడులలో ఒక ఆదేశం ఉంది. దానిలో ఒక అక్షరం తప్పు. ఒకచోట కాదు, ఇరవైయారుచోట్ల. కన్ను పడినప్పుడల్లా కంట్లో నలుసు పడ్డట్టుండేది. ఒక శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి తల్లిని కళ్ళ డాక్టరుకు చూపించాలని పెందలాడే వెళ్ళిపోయింది. మాస్టారు అటూ ఇటూ చూశాడు. చెయ్యి తనదే, బుద్ధీ తనదే. ఒక్క మీట నొక్కి, ఇరవైయారూ ఒకేసారి దిద్దేశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

సోమవారం ఉదయం ఒక ఆసుపత్రిలో, పేజీలో ఉన్నది ఉన్నట్టే కొడితే రోగుల జాబితా తెరుచుకోలేదు. అటువంటి ఆదేశమే లేదంది యంత్రం. రక్తపరీక్షకని పరగడుపున వచ్చినవారు మధ్యాహ్నం కంపెనీవారు ఫోనులో పాత ఆదేశం చెప్పేదాకా మెట్లమీద బారులు తీరారు. ఒకామె కళ్ళు తిరిగి కూలబడింది.

మూడుగంటలకు మేనేజరు ఇద్దరినీ పిలిపించాడు.

"పట్టికలో మీ పేరే ఉందమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "ఎల్లుండి మీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు పైకి వెళ్ళాలి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పంపను?"

ఆమె తలతిప్పి మాస్టారి వంక ఒక్కసారి చూసింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"నేనే చూసుకోవలసింది సార్," అంది ఆమె.

బయటికి వచ్చాక, కేకలు వేస్తుందనుకున్నాడు. వేసినా బాగుండును. ఆమె రెండు కప్పుల టీ తెచ్చి ఒకటి ఆయన బల్లమీద పెట్టింది.

"దిగులుపడకండి బాబాయిగారూ. పొరపాటున చెయ్యి పడి ఉంటుంది. నా పేరుతో తెరిచిచ్చింది నేనేగా! మీ పేరు చెబితే ఈ వయసులో మిమ్మల్ని పొమ్మంటారు."

పొరపాటున! ఆ మాట వినేసరికి మాస్టారికి తల తీసేసినట్టయింది. టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున దేవుడి ముందు కూర్చున్నాడు. ఒక్క స్వరమైనా జారని గొంతు రెండో శ్లోకంలోనే ఆగిపోయింది. అంత స్వచ్ఛంగా పలకనేర్చిన నాలుక నిన్న ఆ గదిలో ఒక్క నిజం పలకలేకపోయిందే! ఎదుట వెలుగుతున్న దీపాన్ని చూడడానికి కూడా మొహం చెల్లలేదు.

"గొంతు పట్టేసిందా ఏమిటండీ?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

"గొంతు బాగానే ఉంది," అని లేచిపోయాడు.

ఆఫీసులో తిన్నగా మేనేజరు గదిలోకి నడిచాడు. "ఆ దిద్దుబాటు నాది," అన్నాడు.

మేనేజరు నిట్టూర్చాడు. "నాకూ అనుమానంగానే ఉంది మాస్టారూ. పొరపాటున జరిగిందని రెండు ముక్కలు రాసివ్వండి. పెద్దవారు, అంతటితో సరిపెడతాను."

మాస్టారు కాగితం తీసుకుని రాశాడు: 'ముట్టుకోవద్దని ఆ అమ్మాయి ముందే చెప్పింది. తెలిసే ముట్టుకున్నాను. ఆమె నిందపడుతుంటే చూస్తూ కూర్చున్నాను.'

మేనేజరు చదివి, కాగితం బల్లమీద పెట్టాడు. "ఇలా రాస్తే మిమ్మల్ని ఉంచలేను."

"తెలుసు. ఆమె ఫైలు?"

"పంపిస్తాను. తన పేరుతో తెరిచిచ్చినందుకు మందలింపు మాత్రం తప్పదు."

"వెళ్ళేలోగా ఆ ఇరవైయారూ నేనే మళ్ళీ మార్చి వెళతాను. నా పేరుతో."

పాస్‌వర్డు కొట్టడం ఆ అమ్మాయే పక్కన కూర్చుని చూపించింది. ఈసారి రెండోమారుకే తెరుచుకుంది.

"తెలిసే చేశారా బాబాయిగారూ?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

"అవునమ్మా."

ఆమె లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం టీ రాలేదు.

మాస్టారు ఒక్కొక్క గడే వెతికి, ఒక్కొక్కదానిలో తప్పు అక్షరాన్ని తన చేత్తో తిరిగి పెట్టాడు. మీట నొక్కినప్పుడల్లా పట్టికలో ఆయన పేరు పడుతూ వచ్చింది. ఏడాదిన్నరగా ఎక్కడ చూసుకోవాలని తహతహలాడాడో సరిగ్గా అక్కడే, ఒకదాని కింద ఒకటిగా ఇరవైయారుసార్లు పడింది. ఆయన తలెత్తి చూడలేదు. ఎర్రపెన్సిలు జేబులో పెట్టుకుని, లిఫ్టులో ఎవరైనా ఎదురవుతారేమోనని నాలుగంతస్తులూ మెట్లమీదుగానే దిగాడు.