మిట్ట మీది నల్లా దగ్గు

మొన్న మా గల్లీలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద నిలబడి, నీళ్ల ఆఫీసాయన "ప్రెషర్ లేదమ్మా, మీరు గూడ మోటార్ పెట్టుకోండ్రి" అని చెప్పి పోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రెషర్ కాదు నాయనా, పైపులో గాలి" అందామనుకునే లోపల ఆయన బండి మలుపు తిరిగింది.

నా ఈడువాళ్లకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. నల్లా విప్పితే ముందు సుయ్యిమని ఉత్త గాలి, తర్వాత గుటగుట, ఆపైన ముసలాయన దగ్గినట్టు గాలీ నీళ్లూ కలిసి ముఖాన చిమ్మడం, చివరికి తాడు వదిలినట్టు నిలిచే ధార. బహదూర్‌పురాలో మా గల్లీ ఎద్దు మూపురంలా నడుమ ఎత్తు, అటూ ఇటూ పల్లం. ఆ ఎత్తు మీదనే మా ఇల్లు, నాన్నకు నాలుగు బర్రెలు. నీళ్లు రాని వేళల్లో పైపులో గాలి నిండుతుందనీ, అది మా మిట్ట దగ్గరే వచ్చి కూర్చుంటుందనీ, దాన్ని పోనీయకపోతే అవతలి పల్లానికి నీళ్లు దిగవనీ బడి ముఖం చూడని మా అమ్మకు తెలుసు. అందుకే నీళ్ల వేళకు ముందే నల్లా విప్పి పెట్టి, దగ్గు ఆగి ధార నిలిచాకే కట్టేసేది. ఆమె కట్టేశాకే అవతలివాళ్లు బిందెలు పెట్టేవాళ్లు. అది మా గల్లీ రివాజు.

ఒక ఎండాకాలం నీళ్ల ఆఫీసు సారు ఒకాయన వచ్చి, విప్పి ఉన్న నల్లా చూసి, నీళ్లు పారబోస్తున్నావని అమ్మను గల్లీ అంతా వినేట్టు తిట్టి, నల్లా ఊడదీయించి పైపు మూతికి బిరడా కొట్టించాడు. చెప్పబోతే వినడే! మర్నాటి నుంచి అవతలి ఏడిళ్లకు చుక్క లేదు. ఇన్నేళ్లు అమ్మ చలవతో నీళ్లు పట్టుకున్న అవతలింటి పెద్దమ్మే వాకిట్లోకి వచ్చి, "నీ బర్ల కడుపు నింపనీకె మా నోట్ల మన్ను కొడ్తివి గదనే!" అంది. మా బర్రెలకే మేము ఇవతలి పల్లం నుంచి నీళ్లు మోస్తున్నామని చూడనైనా చూడలేదు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడో రోజు ఆ బిరడా కొట్టిన ఫిట్టర్ భాయ్ వస్తే అమ్మ దారికి అడ్డం నిలబడింది.

"పైపుల నీళ్లున్నయ్ భాయ్. గాలి పోయే తొవ్వ మీరే మూసిండ్రు. ఒక్కపారి ఇప్పు."

"క్యా అమ్మా, హవాకు భయపడి నీళ్లు ఆగుతయా?"

"నవ్వుడు తర్వాత. ముందుగాల ఇప్పు."

బిరడా వదులు చేశాడో లేదో, బుస్సుమని గాలి, ఆ వెనకే దగ్గు, భాయ్ అంగీ అంతా తడిసిపోయింది. కొంచెంసేపటికి అవతలి నుంచి "వచ్చినయ్!" అని కేక. వేసింది ఆ పెద్దమ్మే. సాయంత్రం ఒక బిందెడు నీళ్లు మోసుకొచ్చి మా బర్రెల తొట్టిలో కుమ్మరించి వెళ్లిపోయింది. సారు మాత్రం మళ్లీ మా గడప దిక్కు రాలేదు. కొన్నాళ్లకు నీళ్ల ఆఫీసువాళ్లే మా ఇంటి ముందు గాలి పోయే వాల్వు బిగించి, అది తమకే తట్టిన తెలివన్నట్టు పోయారు.

ఇప్పుడు ఆ వాల్వును ఈ సిమెంటు కింద పూడ్చేశారు. పోస్తున్నప్పుడే మొత్తుకున్నాను, ముసలిదాని లొల్లి అని నవ్వారు. అవతల ఏడిళ్లలోనూ పైపులోంచి నీళ్లు లాగే మోటార్లు వచ్చాయి.

నిన్న పొద్దున పట్టుదలగా అమ్మలాగే నల్లా విప్పి కూర్చున్నాను. సుయ్యిమన్న చప్పుడు వచ్చింది కానీ, ముఖానికి గాలి తగల్లేదు. చెయ్యి అడ్డం పెడితే నల్లా నా అరచేతిని లోపలికి లాగింది. మోటార్లు పీలుస్తుంటే, నేను విప్పిన నల్లాలోంచే అవతలివాళ్ల పైపులోకి నీళ్లకు బదులు గాలి పోతోంది. పది మందికి నీళ్లు దిగాలని అమ్మ రోజూ విప్పిన నల్లాను, అదే పది మంది కోసం నా చేత్తో నేనే గట్టిగా బిగించి కట్టేశాను.