తెలియదని చెప్పిన ఆదివారం

మొన్న మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. విశ్వం ఎలా పుట్టిందో చెప్పగలిగేది విజ్ఞానమా, దైవ విశ్వాసమా అన్నది అంశం. నా పాండిత్యం చూసి ఈ పని అప్పగించలేదు. ఫిజిక్స్ చెబుతాను, ఆదివారం చర్చికి వెళతాను, కాబట్టి ఎటూ మొగ్గనని ప్రిన్సిపాల్ గారి లెక్క. నిజానికి ఇన్నేళ్ళుగా ఆ రెండింటి మధ్యా నా బతుకు తలుపు సందున పడ్డ వేలిలాగే ఉంది. స్టాఫ్ రూములో, మీరు కూడా ప్రార్థనలకు వెళతారా అని ఆశ్చర్యపోతారు. చర్చి సంఘంలో, పిల్లలకు అవన్నీ ఎలా చెబుతావమ్మా అని జాలిపడతారు. ఆ రోజు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి బల్ల గుద్ది మాట్లాడారు. ఏ ఒక్కరి నోటా సందేహం వినబడలేదు. వింటూ ఉంటే నాకు మా మామగారు గుర్తొచ్చారు.

ఆయన కన్నడ సీమలో, మేముండే నగరానికి దగ్గర్లోని ఆనేకల్‌లో, ఒక చిన్న తెలుగు సంఘానికి కాపరి, అంటే పాస్టరు. ధర్మవరం వైపు నుంచి వలస వచ్చిన మగ్గం పని కుటుంబం వాళ్ళది. నడివయసులో మగ్గం దిగి, దాన్ని తమ్ముడికి అప్పగించి, వాక్యం చెప్పడానికి వెళ్ళిపోయారు. మైకు పెట్టినా దానికి పని కల్పించని గొంతు ఆయనది. అత్తయ్య నా పెళ్ళికి ముందే పోయారు. నేనేమో గుంటూరు వైపు దాన్ని. ఆయన నోట "ఉండాది, ఉండాడు" వింటే కొత్తలో నాకు నవ్వొచ్చేది. నా మర్యాద ఆయనకు అంతకన్నా వింతగా తోచేది. "నువ్వు అండీ అన్నప్పుడల్లా నాకు బ్యాంకులో లైన్లో నిలబడినట్టుంటాదమ్మా" అన్నారొకసారి. అప్పటి నుంచి మామయ్యా అనే పిలిచేదాన్ని. అలా పిలిచే సందర్భాలు కూడా పండగలకీ పెళ్ళిళ్ళకీ తప్ప పెద్దగా ఉండేవి కావు.

ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక, కోలుకునేదాకా మా దగ్గర ఉంచుకుందామని బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఫ్లాటుకి తీసుకొచ్చాం. సరిగ్గా ఆ వారమే కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకుంది. అపార్ట్‌మెంటు గేటుకి తాళం పడింది. హాలు మా ఆయన ఆఫీసు ఫోన్లకి సరిపోయింది. వంటింట్లో కుక్కర్ కూతలు. మా పడకగదిలోకి ఇంటర్నెట్ సిగ్నల్ ఎందుకో అడుగు పెట్టేది కాదు. ఆన్‌లైన్ క్లాసు చెప్పుకోవడానికి మిగిలింది మామయ్య పడుకున్న గదే. ఆ గదికి ఒక కిటికీ, దానికి పావురాల వల, వల అవతల పక్క భవనం గోడ. నీలగిరి తైలం వాసన. మంచం మీంచి ఆయన లేవలేరు, కుర్చీలోంచి నేను కదల్లేను. పొద్దున్నే ఆయన గొంతెత్తి చేసే ప్రార్థన నేను వినాల్సిందే, తర్వాత నా పాఠాలు ఆయన వినాల్సిందే.

మొదట్లో నేను క్లాసు మొదలుపెట్టగానే ఆయన గోడవైపు తిరిగేవారు. తర్వాత్తర్వాత వెల్లకిలా పడుకుని ఫ్యాన్ చూస్తూ వినసాగారు. ఒకరోజు విశ్వం వ్యాకోచిస్తోందని, వెనక్కి లెక్క కడుతూ పోతే అంతా ఒకప్పుడు మహా సాంద్రంగా, మహా వేడిగా ఉండేదని చెబుతున్నాను. దానికి ముందు ఏముంది మిస్ అని ఒక పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి జవాబొచ్చింది. "చీర ఉండాదంటే నేసినోడు ఉండాడు కదప్పా." ఆ గొంతు సంగతి చెప్పాను కదా, క్లాసంతా విన్నది. తెలుగు తెలిసిన ఒకమ్మాయి మిగిలినవాళ్ళకు కన్నడంలో చెప్పేసింది. తాతగారు చెప్పింది కరెక్టేనా మిస్ అని ఇంకెవరో అడిగారు. అవునంటే నా పాఠం పోతుంది, కాదంటే వెనక మంచం మీద మామగారున్నారు. నేను కళ్ళు కూడా ఆర్పకుండా, నెట్‌వర్క్ ఆగిపోయినట్టు మొహం బిగించి కూర్చుని, మెల్లగా క్లాసు కాల్ కట్టేశాను. మామయ్య కడుపు పట్టుకుని నవ్వారు. తుంటి నొప్పి పుట్టి ఆపుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి మా వాదన మొదలైంది. మరి నేసినవాణ్ణి ఎవరు నేశారని నేను అడిగితే, ఆయన మొదట్నుంచీ ఉండాడు అనేవారు. మొదట్నుంచీ ఉన్నది విశ్వమే ఎందుకు కాకూడదని నేను. ఆయనేమో, అంత మొండిదానివి మా ఇంటికి ఎట్లొచ్చినావమ్మా అనేవారు. మీ లెక్కలు వెనక్కి వెనక్కి పోయి యాడ ఆగుతాయని అడిగితే, ఆగేచోటు ఉందని, అక్కడ మా సూత్రాలు పలకవని చెప్పాను. గెలిచానన్న సంతోషంతో ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇలా ఉండగా ఆనేకల్‌లో చిన్నమామయ్యకు, అంటే ఆ మగ్గం మీద మిగిలిన తమ్ముడికి, జ్వరమొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంటికి మళ్ళీ రాలేదు. మామూలు రోజుల్లో అయితే ఎంతసేపు ప్రయాణం! ఇప్పుడు దారిపొడుగునా పోలీసులు, ఇక్కడ లేవలేని మనిషి. నిండుగా కవర్లు తొడుక్కున్న మనుషులు సమాధిలోకి పెట్టె దించడం ఫోన్‌లో చూపించారు. మామయ్య ఏడవలేదు. మర్నాటి నుంచి గదిలో పొద్దుటి ప్రార్థన వినబడటం మానేసింది.

ఆ నిశ్శబ్దం మా ఆయన చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, "నీ క్లాసులన్నీ నాన్నకి ఎక్కుతున్నాయి. ఆయన ఫెయిత్‌తో ఆడుకోకు, ప్లీజ్" అన్నారు. మామయ్య ప్రార్థన మానడానికీ నా పాఠానికీ సంబంధం లేదని చెప్పబోయాను గానీ, లేదని నాకు మాత్రం ఏం తెలుసు? గది మారదామంటే ఇంకో గది లేదు. బయటికి పోదామంటే గేటు తెరవరు. మాట్లాడితే ఆయన్ని చెడగొట్టినదాన్ని, మాట్లాడకపోతే దుఃఖంలో ఉన్న మనిషిని గోడకు వదిలేసినదాన్ని. వారం రోజులు ఒకే గదిలో ఇద్దరం మూగవాళ్ళలా గడిపాం.

శనివారం మధ్యాహ్నం ఆయనే నోరు విప్పారు. మర్నాడు ఫోన్‌లో ఆరాధన, తమ్ముడి జ్ఞాపకార్థ కూడిక. సంఘ పెద్దలు ఆయన్నే వాక్యం చెప్పమన్నారు.

"రేపు దేవుని చిత్తం అని చెప్పల్ల నేను. ఎన్ని ఇండ్లల్లో చెప్పినానో ఆ మాట. ఇప్పుడు నోరు రావడం లేదు. వానికే ఎందుకొచ్చింది? మీ సైన్సు ఏమన్నా చెప్తాదా?"

ఆ జబ్బు ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో చెప్పగలను గానీ, ఆయనకే ఎందుకని అడిగితే మా దగ్గరా జవాబు లేదన్నాను.

"మీ దాంట్లో తెలీదని చెప్తే ఉద్యోగం పోతాదా?"

"పోదు మామయ్యా. మా పని మొదలయ్యేదే అక్కడ."

"మా దాంట్లో పోతాది."

ఇద్దరం నవ్వలేదు. కొడుక్కి చెప్పొద్దన్నారు. చెప్పలేదు.

ఆదివారం ఆయనకు తెల్లచొక్కా తొడిగి, దిండ్లు ఎత్తు పెట్టి, ఫోన్ ఎదురుగా నిలబెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. మామయ్య పాట పాడించారు, తమ్ముడి చిన్నతనం చెప్పారు. "వాడు ఎందుకు పోయినాడో నాకు తెలీదు. లోకాన్ని చేసినోడు ఉండాడని నమ్ముతా ఉండాను. ఎట్ల చేసినాడో మా కోడలు కొంతదూరం చెప్తాది, ఆ పైన తెలీదంటాది. ఎందుకు చేసినాడో నేను కొంతదూరం చెప్తాను, ఆ పైన నాకూ తెలీదు. తెలిసినట్టు ఇన్నాళ్ళూ మీకు చెప్పినాను. ఈ పొద్దు చెప్పలేను" అన్నారు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో మొహాలన్నీ కదలకుండా ఉన్నాయి. ఈసారి అది నెట్‌వర్క్ తప్పు కాదు. ఒక పెద్దమనిషి గడి నల్లబడింది, తర్వాత ఇంకొకటి. మా ఆయన నా వైపు ఒక చూపు చూసి హాల్లోకి వెళ్ళిపోయారు.

నెల తిరక్కుండా సంఘానికి కొత్త కాపరి వచ్చాడు. మామయ్యకు విశ్రాంతి ఇస్తున్నామని మర్యాదగానే చెప్పారు. కానీ వాక్యం చెప్పిన ఆ ఆదివారం మధ్యాహ్నమే చిన్నమామయ్య భార్య, మా చిన్నత్తయ్య, ఫోన్ చేసింది. మామయ్యకు వినబడాలని స్పీకర్‌లో పెట్టాను. మా ఆయన కూడా గుమ్మంలోకొచ్చి విన్నారు. "అందరూ ఫోన్లు చేసి దేవుని చిత్తం, దేవుని చిత్తం అంటా ఉండారు బావా. వాళ్ళందరికీ తెలిసింది నాకే తెలీలేదని రాయి మాదిరి కూర్చోనుంటి. మీరు తెలీదన్నాక నాకు ఏడుపొచ్చింది." అంత మాత్రం చెప్పి ఆమె ఏడ్చింది. ఇవతల మామయ్య కూడా ఏడ్చారు. మా ఆయన వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

మర్నాడు పొద్దున గదిలో ప్రార్థన వినబడింది. మునుపటిలా పొడుగ్గా లేదు, గొంతు కూడా పెద్దగా లేదు. నేను క్లాసు మొదలుపెడితే, నిన్న యాడ ఆపినావో అక్కణ్ణించి చెప్పమ్మా అన్నారు.

గేట్లు తెరిచాక కర్రపోటుతో ఆనేకల్ వెళ్ళిపోయారు. తాను కట్టించిన మందిరంలోనే వెనక బెంచీలో రెండేళ్ళు కూర్చుని, ఒక వేసవిలో నిద్రలోనే పోయారు. కాలం ఎప్పుడు మొదలైందని పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, తెలిసినంతవరకు చెబుతాను. ఎప్పటికి గడుస్తాయా అని ఆ గదిలో కూర్చుని విసుక్కున్న ఆ నెలలే మామయ్యతో నాకు దక్కిన కాలమంతా అని మాత్రం, అవి గడిచిపోయాకే తెలిసింది.