మూడో పంజరం చిట్టెలుకలు

ఆ ప్రయోగశాలలో చిట్టెలుకల గది చూసుకునే ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. అంతకుముందు ఆయన ఒక హాస్టల్ వంటశాలలో చాలాకాలం వడ్డన చేశాడు. ఎవరు ఎదురుపడినా ముందు "తిన్నావా?" అనేవాడు, తర్వాతే మిగతా మాటలు. ఆకలన్నవాణ్ణి ఉత్త కడుపుతో ఎన్నడూ పంపలేదు.

పంజరాలు కడగడం, రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం ఆయనకి ఇట్టే పట్టుబడ్డాయి. ఎంత బెదురు ఎలుకైనా ఆయన అరచేతిలో బుద్ధిగా కూర్చునేది. చిక్కల్లా ప్రయోగశాల నడిపే పెద్ద మేడమ్ ఇన్సులిన్ పరీక్షలు మొదలుపెట్టాకే వచ్చింది. తిండి పడితే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది కాబట్టి, పరీక్ష రోజున పొద్దున్నే పంజరాల్లోంచి మేత తీసేయాలి. మధ్యాహ్నం దాకా ఎలుకలకి నీళ్లే గతి.

ఆ తర్వాత పని ల్యాబ్ అమ్మాయిది. తోక కొసన చిన్న గాటు పెట్టి, సన్నటి గాజు గొట్టంలోకి ఒక్క బొట్టు రక్తం తీసుకునేది. యంత్రంలో గిర్రున తిప్పితే పైకి తేలే పల్చటి ద్రవం ఆవగింజంత. చేయి వణికిందా, అంతే సంగతులు. మళ్లీ చేద్దామంటే చుక్క మిగలదు. దాన్ని పళ్లెంలోని చిన్న గుంటలో వేసి మందులు కలిపితే పసుపు రంగు వచ్చేది. ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే పసుపు అంత చిక్కన.

మూడో పంజరం తలుపు పక్కనే ఉండేది. అందులోవన్నీ ఒక తల్లి పిల్లలు. బాబాయ్ రాగానే వెనక్కాళ్ల మీద నిలబడి, తీగల మూత పట్టుకుని ముక్కులు ఆడించేవి. మొదటి పరీక్ష రోజున ఆయన చూసీ చూడనట్టు రెండుసార్లు దాటిపోయాడు. మూడోసారి కాళ్లు ముందుకు సాగలేదు. మేత బిళ్ల ఒకటి చిదిమి లోపల వేశాడు.

ఆ సాయంత్రం పళ్లెంలో మిగతా గుంటలన్నీ లేత పసుపులో ఉంటే, మూడో పంజరానివి మాత్రం ముదురు పసుపుకి తిరిగాయి.

"నేనే ఎక్కడో తప్పు చేసుంటాను మేడమ్," అంది అమ్మాయి. మరుసటి వారం ఊపిరి బిగబట్టి చేసింది. మళ్లీ అదే రంగు.

పెద్ద మేడమ్ ముఖం వెలిగిపోయింది. "తప్పు కాదమ్మా. ఒక తల్లి పిల్లలు కదా, వంశంలోనే ఏదో ఉంది. వచ్చే నెల శాస్త్రవేత్తల సభలో ఇదే చెబుతాను."

ఆ మాట చెవిన పడ్డ బాబాయ్‌కి ఇంటికెళ్లాక ముద్ద దిగలేదు. కంచం ముందు ఆయన అలా కూర్చోవడం భార్య ఎన్నడూ చూడలేదు. గుచ్చి గుచ్చి అడిగి సంగతి రాబట్టింది.

"రేపే చెప్పెయ్యండి," అంది. "పదిమందిలో ఆవిడ నవ్వులపాలైతే బాగుంటుందా?"

"ఉద్యోగం ఊడితే?"

"ఊడితే మళ్లీ గరిటె పట్టుకోండి. దాన్ని మీ చేతిలోంచి ఎవరూ లాక్కోలేరు కదా."

మర్నాడు బాబాయ్ మేడమ్ గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల అమ్మాయి కూడా ఉంది.

"మేడమ్, ఆ ఎలుకల వంశంలో ఏమీ లేదండి. ఉన్నదంతా కడుపులోనే. నేనే పెట్టాను."

మేడమ్ కలం కింద పెట్టింది. "రెండుసార్లూనా?"

"రెండుసార్లూ అండి. రెండోసారి కొంచెం ఎక్కువే పెట్టాను."

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. వసారాలోంచి ఆమె నవ్వు వినబడుతుంటే మేడమ్ పెదవులు బిగించి చాలాసేపు ఆపుకుంది.

"నాకు చాలా కోపంగా ఉంది బాబాయ్," అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "ఈ నవ్వు ఆగాక తిడతాను."

అన్నట్టే తిట్టింది కూడా. రెండు వారాల పని బూడిదలో పోసిన పన్నీరయిందాయె. ఉద్యోగం మాత్రం తియ్యలేదు. పరీక్ష రోజుల్లో గది తాళం అమ్మాయి దగ్గర ఉండేట్టు, రక్తం తీసేటప్పుడు ఎలుకల్ని పట్టుకోవడానికి మాత్రమే బాబాయ్ వచ్చేట్టు ఏర్పాటు చేసింది.

ఆ వారం అమ్మాయి పళ్లెం తెచ్చి ఆయనకి చూపించింది. "చూడు బాబాయ్, ఈసారి అన్నీ ఒకే రంగు."

"అంటే అన్నీ ఆకలితో ఉన్నాయన్నమాట," అన్నాడాయన దిగులుగా.

మేడమ్ సభలో వేరే విషయం మాట్లాడి వచ్చింది. ఆ ఏడాదే చిట్టెలుకలకి ఇంకో గది తెరిచారు. ఎలుకలు అంత బుద్ధిగా ఇంకెవరి చేతిలోనూ కూర్చోవు మరి, దాన్ని కూడా బాబాయ్‌కే అప్పగించారు.