అమ్మ ఉప్పు చూసిన రోజు

మా ఇంట్లో వంట అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వండేవాళ్ళు అసలే చూడకూడదు. నోట్లో పెట్టుకుంటే ఎంగిలి, ఎంగిలి దేవుడికి పనికిరాదు, దేవుడికి పనికిరానిది మనకి మాత్రం ఎందుకు అనేది అమ్మ వాదన. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందండీ అని పెళ్ళయిన కొత్తలో మా ఆయన అమాయకంగా అడిగారు. అమ్మ ఆయన వంక జాలిగా చూసి, ఉడుకుతున్న పులుసు మీద అరచెయ్యి ఆడించి, ఆవిరిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, "చిటికెడు తగ్గింది బాబూ" అంది. చిటికెడు వేసింది. భోజనాల దగ్గర ఆయన మారుమాట లేకుండా రెండోసారి పులుసు పోయించుకున్నారు.

అమ్మ ముక్కు అలాంటిది. అమీర్‌పేటలో మా సందు నిండా హాస్టళ్ళే. మా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఒక ఆడపిల్లల హాస్టల్ వంటిల్లు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఎందుకని మేమూ ఆ ఫ్లాటుకే చేరిపోయాం. అప్పటినుంచీ రోజూ పొద్దున నాకు వినబడే మొదటి వార్త ఆ కిటికీ నుంచే. "ఎదురు హాస్టల్లో సాంబారు అడుగంటింది. పాపం, ఆ పిల్లలకి ఇవాళ పెరుగన్నమే" అనేది అమ్మ. మధ్యాహ్నం చూస్తే ఆ పిల్లలు బయట కర్రీ పాయింట్ కవర్లు పట్టుకుని మెట్లెక్కుతూ ఉండేవారు.

ఇప్పుడు అమ్మ లేదు. వానాకాలం వచ్చి ఆ కిటికీ తెరిస్తే మాత్రం, ఎదుటి పోపు వాసన కంటే ముందు ఆవిడే గుర్తొస్తుంది. ముఖ్యంగా ఆ సూపు.

ఆ ఏడాది వానలు మొదలవగానే అమ్మకి జ్వరం వచ్చింది. పంజాగుట్టలో డాక్టరుకి చూపించాం, మందులు వాడింది, తగ్గింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. కానీ వంట గాడి తప్పింది. ఒకరోజు పప్పులో ఉప్పే ఉండేది కాదు, మర్నాడు చారు నోట పెట్టలేనంత ఉప్పు కషాయం. అడిగితే, "ఈ ప్యాకెట్ ఉప్పులో ఉప్పదనం ఎక్కడేడిసింది" అని కొట్టిపారేసేది. నాకసలే ముక్కు మీద కోపం. ఆఫీసుకి టైమయ్యే వేళ ఉప్పు లేని ఉప్మా ముందు కూర్చుని నాలుగు మాటలు అనేదాన్ని. అమ్మ తిరిగి ఏమీ అనేది కాదు. అనకపోవడానికే నాకు భయం వేసింది, ఎందుకంటే ఆవిడ మాటకి మాట బాకీ ఉంచే మనిషి కాదు.

తర్వాత మెల్లగా, "ఇవాళ కూర నువ్వే చేసెయ్యి, నాకు ఓపిక లేదు" అనడం మొదలైంది. నా చేత పోపు కూడా పెట్టనివ్వని మనిషి. ఎదురు హాస్టల్ వార్తలు కూడా ఆగిపోయాయి. పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోయేది. వంటా వదిలేసి, తిండీ వదిలేస్తే ఇంక అమ్మలో మిగిలేదేంటని నాకు బెంగ పట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పిల్లలు సూపు కావాలని గొడవ పెట్టారు. అంతకుముందు మావాడి పుట్టినరోజుకి పంజాగుట్టలో ఒక హోటల్‌కి వెళ్తే అక్కడ తాగిన సూపు వాళ్ళ మనసులో పడిపోయింది. ఆ రోజు అమ్మ మాత్రం చెంచాతో కలిపి చూసి, "ఇది గంజి. మిరియాలు చల్లి, గిన్నె కింద ప్లేటు పెట్టారు, అంతే" అని తేల్చేసింది.

"అయితే నువ్వు చెయ్యి అమ్మమ్మా, గంజి కాకుండా" అన్నాడు మావాడు, ఆ మాట గుర్తు పెట్టుకుని.

"నేనెక్కడ చేస్తానురా. నేను కూర్చుని చెబుతా, మీరు చెయ్యండి" అంది అమ్మ.

చాలా రోజుల తర్వాత ఆవిడ నోట వంట మాట వచ్చిందని నేను ఒక్క క్షణం ఆగకుండా పిల్లల్ని తీసుకుని కిందికి దిగాను. మెట్రో పిల్లర్ పక్కన బండి మీద మొక్కజొన్న పొత్తులు. "లేతగున్నయక్కా, జర గిల్లి చూడు, పాలొస్తయ్" అన్నాడు బండతను. మా చిన్నది నిజంగానే గిల్లి చూసింది. పొత్తులు, సొరకాయ, క్యారెట్, టమాటాలు, కొత్తిమీర కట్ట తీసుకుని వాన మొదలయ్యేలోపు ఇల్లు చేరాం.

అమ్మ స్టవ్ పక్కన స్టూలు మీద కూర్చుంది. పిల్లలిద్దరూ నేల మీద పేపరు పరుచుకుని పొత్తులు ఒలిచారు. గిన్నెలో పడిన గింజల కంటే నోట్లో పడినవే ఎక్కువ. పచ్చివి ఎంగిలి కావా అని చిన్నది అడిగితే, "పొయ్యెక్కాకే లెక్క" అంది అమ్మ. పెసరపప్పు దోరగా వేయించి మెత్తగా ఉడికించమంది. అందులో సగం సొరకాయ తురిమి, క్యారెట్టూ టమాటా సన్నగా తరిగి వేయమంది. కత్తిపీట పని నేను చేసి, ఇంక నువ్వు వెళ్ళమని అమ్మ అంటే హాల్లోకి వచ్చి, వానకి ఆరని బట్టలు ఫ్యాను కింద పరుస్తూ కూర్చున్నాను. లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"అమ్మమ్మా, జర నన్ను కలపనియ్యి, ఎప్పుడూ అన్నేనా?"

"జర ఏంటే జర. కాస్త అను. ఇదిగో గరిటె."

"ఉప్పు సరిపోయిందా అమ్మమ్మా?"

అమ్మ చెయ్యి ఆవిరి మీద ఆడి ఉంటుంది. "లేదు, ఇంకాస్త పడాలి" అంది. కాసేపటికి మళ్ళీ, "చాల్లేదురా, ఇంకాస్త."

నాకు హాయిగా అనిపించింది. పాత అమ్మ వచ్చేసింది అనుకున్నాను. అప్పుడే వచ్చింది వాసన. పెసరపప్పు అడుగంటితే ఆ వాసన దాగదు, ఇల్లంతా పాకుతుంది. నేను పరిగెత్తాను. వంటింట్లో పొగ ఇంకా లేదు కానీ మాడు గొంతులో పట్టుకుంటోంది. పిల్లలిద్దరూ గరిటె కోసం తగువులాడుకుంటున్నారు. గిన్నెకి జానెడు దూరంలో కూర్చున్న అమ్మ అరచేత్తో ఆవిరి ముక్కుకి తెచ్చుకుని, "ఆఁ, ఇప్పుడు బాగా ఉడుకుతోంది" అంటోంది.

స్టవ్ ఆపేశాను. "మాడిపోతుంటే చూసుకోరా?" అని అరిచాను.

పిల్లలు బిక్కమొహం వేశారు. అమ్మమ్మ ఏమీ అనలేదు కాబట్టి, సూపు వాసన ఇలాగే ఉంటుందేమో అనుకున్నారట.

"నీకు వాసన రాలేదా అమ్మమ్మా?" అని అడిగింది చిన్నది.

అమ్మ చీర కొంగు సర్దుకుంది. "లేదే. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏ వాసనా రావట్లేదు. ఇంగువ లేదు, మల్లెపూలు లేవు. అంతా ఖాళీ."

"మరి చెప్పవేం?" అన్నాను.

"చెబితే నువ్వు నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తావా? గ్యాస్ లీకైనా ముసల్దానికి తెలీదు అంటావు. వంట లేకపోతే నేనీ ఇంట్లో ఏం చెయ్యాలే?"

నేను సరిగ్గా ఆ గ్యాస్ గురించే ఆలోచిస్తున్నాను. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. "పోనీ ఇన్నాళ్ళూ నాలిక మీద ఒక్క చుక్క వేసుకుని చూస్తే ఉప్పైనా తెలిసేది కదమ్మా" అన్నాను.

"ఎంగిలి కదుటే" అంది, నాకేదో తెలియనట్టు.

నెలన్నర పైగా గుడ్డిగా వండింది తప్ప ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. ఇలాంటి మొండిమనిషి కడుపున పుట్టాను కాబట్టే నేనిలా ఉన్నాను.

మావాడే ముందు నోరు విప్పాడు. "ఇవాళ ఎదురు హాస్టల్ వాళ్ళు మన గురించి పాపం అనుకుంటారు" అన్నాడు. అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "అడుగు కదపకుండా పైపైన ఇంకో గిన్నెలోకి వంచెయ్యండి. గీకారంటే మొత్తం మాడు కంపే" అంది. అలాగే వంచాం. చాలావరకు దక్కింది.

"ఇప్పుడు ఉప్పెవరు చూస్తారు?" అన్నాడు మావాడు.

చిన్నది గరిటెతో కొంచెం తీసి, ఊది, అమ్మ ముందుకి తెచ్చింది. "చెయ్యి పట్టు అమ్మమ్మా."

అమ్మ వంటింటి మూలనున్న దేవుడి అర వంక చూసింది. తర్వాత అరచెయ్యి చాపింది. చిన్నది పోసిన చుక్కని, మందు మింగే పిల్లలాగా కళ్ళు మూసుకుని నాకింది.

"ఉప్పు కషాయం. ఎవర్రా ఇంత వేసింది?"

"నువ్వే వెయ్యమన్నవ్" అన్నారు ఇద్దరూ.

"నేను వెయ్యమంటే వేసేస్తారా? ఆ మిగిలిన సొరకాయ తురమండి. ఇంకాస్త పప్పు ఉడికించండి. దింపాక నిమ్మకాయ పిండుదాం." ఒక్కో మాటకీ ఆవిడ గొంతు లేస్తోంది. జ్వరం తర్వాత ఆవిడ ఉప్పు గురించి చెప్పిన మొదటి నిజం అది. వాసన పోయింది కానీ నాలిక బాగానే ఉంది.

సూపు గంగాళం అంత అయింది. గిన్నెల్లో పోసుకుని, మిరియాల పొడి చల్లుకుని, వాన చూస్తూ తాగాం. మొక్కజొన్న గింజలు పంటికి తగులుతుంటే అమ్మ రెండోసారి పోయించుకుంది. "వాసనెలా ఉందే?" అని చిన్నదాన్ని అడిగింది.

"మస్తుంది. కొంచెం మాడింది."

"నిజం చెప్పావు" అని దాని బుగ్గ పుణికింది.

ఎంత నవ్వుకున్నా నాకు మనసులో గ్యాస్ భయం పోలేదు. మర్నాడు పెందలాడే లేచాను, ఇక వంట నాది, నువ్వు కూర్చో అని మెత్తగా ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ. వంటింట్లో అప్పటికే లైటు వెలుగుతోంది. దేవుడి ముందు బెల్లం ముక్క. ఆయనకి నైవేద్యం ముందే పెట్టేసింది, ఇక రుచి చూసినా ఎంగిలి గొడవ లేదు. మావాడు గ్యాస్ నాబ్ ఒక్కొక్కటే తిప్పి చూసి, "అన్నీ బంద్ ఉన్నయ్, వెలిగించుకో అమ్మమ్మా" అంటున్నాడు. అమ్మ స్టవ్ వెలిగించి చారు గిన్నె పెట్టింది. చిన్నది స్కూలు డ్రెస్‌లో, ఒక కాలికి మాత్రమే సాక్సు వేసుకుని, స్టూలెక్కి ఆవిరి మీద అచ్చం అమ్మలాగే అరచెయ్యి ఆడిస్తూ, "మాడట్లేదు" అని కబురు చెబుతోంది. అమ్మ తన అరచేతిలో చారు చుక్క వేసుకుని చూసి, చిటికెడు ఉప్పు వేసింది.

నేను గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు హాల్లోకి పోవే. ఇక్కడ మనుషులు సరిపోయారు" అంది.