నా నోరూ ఇరవై మూడు జవాబు పత్రాలూ

ఒక్క నోటితో ఇరవై మూడు మందిని ముంచబోయిన దాన్ని నేను. కృష్ణకు వరద వస్తుందంటే మా భవానీపురంలో ముందే ఆటోకు మైకు కట్టి చెప్తారు, సామాన్లు సర్దుకోండని. ఆ రోజు మైలవరంలో నేను పరీక్ష హాల్లోకి అడుగుపెడుతున్నానని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సగం మంది గోడ దూకి పోయేవాళ్ళు.

నేను పెడనలో మగ్గాల ఇంట పుట్టాను. పెళ్ళయి బెజవాడ వచ్చాక ముప్పయ్యేళ్ళు చీరల మూట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మాను. చీర పట్టుకుంటే ఏ ఊరి మగ్గమో చెప్పేదాన్ని. బస్సు ఎదురుగా వచ్చి ఆగితే ఏ ఊరు పోతుందో చెప్పలేకపోయేదాన్ని. యాభై నాలుగేళ్ళ వయసులో మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో భారతి మేడం చేతికి చిక్కాను. మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పేది ఆవిడ. చెప్పి ఊరుకునే రకం కాదు. గోడకు ఒక చార్టు అంటించింది. ఎడమవైపు మా పేర్లు, కుడివైపు పదో తరగతి గట్టెక్కితే ఎవరు ఎక్కడికి పోవాలో. ఒకామెకు అంగన్‌వాడీ, ఒకామెకు కుట్టుపని కేంద్రం, ఇంకొకామెకు ఇంటర్మీడియెట్. నా పేరుకు ఎదురుగా మాత్రం ఖాళీ.

"మీకేం రాయమంటారు మాణిక్యమ్మగారూ?"

"నాకేం ఉద్యోగమమ్మా ఈ వయసులో! పరీక్ష రాయాలనుంది, అంతే. రాసేశాక చచ్చిపోయినా ఫరవాలేదు."

"చచ్చిపోవడానికి టెన్త్ అడగరండీ. ఇంకేదైనా చెప్పండి."

ఏమీ తోచక ఖాళీగానే వదిలేయించాను.

నాకు చదువైతే వచ్చింది గానీ దానితోపాటు ఒక రోగం కూడా వచ్చింది. పైకి చదవందే నాకు అర్థం కాదు. మీరంతా చిన్నప్పుడే నేర్చుకున్నారు కాబట్టి లోపల్లోపల చదివేసుకుంటారు. ఇదీ అలాగే చదువుతున్నారు కదూ, పాలగిన్నె దగ్గర పిల్లిలాగా, చప్పుడు లేకుండా! నాకది చేతకాదు. అక్షరాన్ని చూస్తే నాకు అదొక బొమ్మ. నోటితో పలికి, అది నా చెవిన పడితేనే మాట. అందుకని కరెంటు బిల్లూ, మందు సీసా చీటీ, శుభలేఖా, ఏది మా ఇంటికి వచ్చినా వీధంతటికీ వచ్చినట్టే.

"పిన్నీ, నీకు బీపీ మాత్ర పొద్దున ఒకటే అట, రెండు వేసుకోకు," అని గోడ అవతలి నుంచి హెచ్చరించేది పక్కింటి పద్మ. నా మందుల చీటీ నాకంటే దానికే బాగా తెలుసు.

ఈ పద్మే ఆ రోజు ముఖ్యం. మాలాగే నేతవాళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించి పెళ్ళి చేశారు. ముప్పై నాలుగేళ్ళు, ఇంకో నాలుగు నెలల్లో ముప్పై అయిదు దాటిపోతుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సులకు సాయం చేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చి, అక్కడే ఉద్యోగం ఇస్తారు. భారతి మేడం తిరిగి తిరిగి పద్మకు అందులో సీటు మాట్లాడింది. షరతులు రెండే. టెన్త్ పాసవ్వాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. అంటే ఈసారి తప్పితే మరి లేదు. పిల్ల మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాఠాలు వల్లించింది. పరీక్ష ముందు వారమంతా దాని ఇంట్లో పప్పు మాడని రోజు లేదు.

మా అందరికీ సెంటరు మైలవరంలో పడింది. బస్సెక్కిన దగ్గర్నుంచీ నా రోగం నాతోనే ఉంది. గొల్లపూడి దాటకముందే, "ఇచ్చట మోటార్లు చుట్టబడును! పాత టైర్లు కొనబడును! ఇక్కడ మూత్రము..."

"అమ్మగారూ, స్టేజీలు నేను చెప్తాను కదండీ," అన్నాడు కండక్టరు. "మీకెందుకు శ్రమ?"

"ఊరుకో పిన్నీ, పరువు పోతోంది," అని పద్మ నా మోచెయ్యి గిల్లింది. "హాల్లో మాత్రం నోరు తెరిచావంటే చూడు."

"నాకు తెలీదంటే? చంటిపిల్లనా?"

చంటిపిల్ల నయం. పాలపీక పెడితే ఊరుకుంటుంది.

హాల్లో ఇరవై నాలుగు మందిమి. నేనూ, మా క్లాసువాళ్ళు ఇరవై రెండు మందీ, వెనక బెంచీలో ఎవరో లారీ డ్రైవరూ. పద్మ సరిగ్గా నా వెనకే. కూర్చోగానే ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలు కనపడ్డాయి. అక్షరం కనపడితే నేను ఆగుతానా?

"నిశ్శబ్దం పాటించండి!" అని ఖంగుమని చదివాను.

హాలంతా ఉలిక్కిపడింది. కళ్ళజోడు పెట్టుకున్న ఇన్విజిలేటరు సారు చేతిలో పేపర్ల కట్ట జారిపోయింది. "మంచిదేనండీ, మేం పాటిస్తాం. మీరు కూడా పాటిస్తే బాగుంటుంది," అన్నారు పాపం, వయసుకు మర్యాద ఇచ్చి.

ఆ రోజు సైన్సు. ప్రశ్నపత్రం చేతికొచ్చింది. పెదాలు బిగబట్టాను. అక్షరాలన్నీ చీమల్లా పాకుతున్నాయి తప్ప ఒక్కటీ లోపలికి రావడం లేదు. పది నిమిషాలు గడిచాయి. చెమటలు పట్టాయి. చెంగు నోట్లో కుక్కుకుని చదివి చూశాను. సారు గబగబా వచ్చారు.

"ఏమైందండీ, కడుపులో తిప్పుతోందా?"

"లేదు నాయనా, చదువుకుంటున్నా."

ఆయన నన్నూ చెంగునూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయారు. చెంగు తీసేసి, గుసగుసగా చదివితే తప్పేముందిలే అనుకున్నాను. ముప్పయ్యేళ్ళు మూడంతస్తుల మేడల కింద నిలబడి "చీరలమ్మా చీరలూ" అని అరిచిన గొంతు ఇది. దీనికి గుసగుస ఎలా తెలుస్తుంది? నా గుసగుస హాలు అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. సారు రెండుసార్లు "అమ్మగారూ!" అన్నారు, రెండుసార్లూ ఆగాను. ఈలోగా నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలు వచ్చాయి. అంతే, నేను ఎక్కడున్నానో మర్చిపోయాను.

"మన శరీరంలో రక్తాన్ని శుద్ధి చేయు అవయవం ఏది? ఏ, గుండె. బి, కాలేయం. సి, మూత్రపిండం. డి, జీర్ణాశయం... ఇందులో ఆలోచించేదేముంది, గుండే! వంట చేసిన చోటే గిన్నెలూ కడుగుతాం. ఏ!"

వెనక నుంచి పద్మ కాలితో నా బెంచీని తన్నింది. మెచ్చుకుంటోంది కాబోలనుకున్నాను.

"మొక్కలో ఆహారం తయారయ్యే భాగం ఏది? ఏ, వేరు... ఏ! కాకపోతే నీళ్ళు ఆకులకు పోస్తున్నామా ఏంటి?"

బెంచీకి రెండో తన్ను.

"పాలు పెరుగుగా మారుటకు కారణం ఏది? ఏ, కాంతి. బి, బాక్టీరియా. సి, ఉప్పు. డి, గాలి... తోడు ఏదీ? నాలుగింట్లోనూ తోడే లేదే! ప్రశ్నే తప్పు. వదిలేస్తున్నా."

"వదలకండి, అలాగే కూర్చోండి," అన్నదొక కొత్త గొంతు.

తలెత్తి చూద్దును కదా, కిటికీ దగ్గర స్క్వాడ్ ఆఫీసరు! ఎంతసేపటి నుంచీ వింటున్నాడో. లోపలికి వచ్చి తలుపు మూశాడు. మా సారు ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"ఇది పరీక్షా, రేడియోనా? ఒకావిడ చెప్తుంటే హాలంతా రాసుకుంటోంది. అందరి మీదా కేసు రాయాలి." అంటూ నా పేపరు లాక్కున్నాడు. నా వెనకున్న పద్మ పేపరూ, అటూ ఇటూ ఉన్న మరో నలుగురి పేపర్లూ తీసుకున్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. పద్మ ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. పెన్ను పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే నిలిచిపోయి ఉంది. ముప్పై నాలుగేళ్ళు, ఒక్క సీటు, మాడిపోయిన వారం రోజుల పప్పూ, అన్నీ ఆ ఆఫీసరు చేతిలో ఉన్నాయి. అక్కడ పెట్టింది నేను. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. దానికైనా నేను అరుగుతానో లేదో.

లేచి నిలబడ్డాను. "బాబూ, తప్పంతా నాది. నాకు పైకి చదవకపోతే అర్థం కాదు. కావాలంటే నన్ను ఉరి తియ్యి, వీళ్ళ జోలికి పోకు."

"మనసులో చదవలేరా? నాటకాలా?" అని తన సంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఇది చదవండి. పెదవి కదలకూడదు."

పళ్ళు బిగించాను. ఊపిరి బిగించాను. చెవులు ఎర్రబడ్డాయి. మొదటి వరుస సగంలో కుక్కరు విజిలు వచ్చినట్టు నోరు తెరుచుకుంది.

"మాల్... ప్రాక్టీసు... నమోదు పత్రము! పై అభ్యర్థిని... ఈ పరీక్ష నుండి... బహి... బహిష్కరించి... అయ్యో! ఇది నా గురించే కదయ్యా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మీసం కదిలింది గానీ పట్టు వదల్లేదు. నా పేపరు పక్కన పద్మ పేపరు పెట్టుకుని వేలితో సరిచూడటం మొదలుపెట్టాడు. చూస్తున్నకొద్దీ ఆయన నుదురు ముడిపడింది.

"ఆవిడ ఏ అని అరిచింది. నువ్వు సి పెట్టావు. ఇక్కడా ఏ అంది. నువ్వు సి, ఆకు. పెరుగు ప్రశ్నే తప్పంది. నువ్వు బాక్టీరియా పెట్టావు." మిగతా నాలుగు పేపర్లూ తిరగేశాడు. వాటిలోనూ అంతే. నేను చెప్పింది ఒక్కరూ రాయలేదు. "ఏమ్మా, అంత గట్టిగా చెప్తుంటే ఎందుకు రాయలేదు?"

పద్మ నా వంక చూసింది. ఆ చూపులో జాలి ఉంది, భయం ఉంది, నాలుగేళ్ళ సహవాసం ఉంది. తల వంచుకుని అంది: "పిన్ని ఏదైనా అందంటే అది కాదని అర్థమండీ. మా క్లాసులో అందరికీ తెలుసు."

"అవునండీ," అన్నారు ఇరవై మంది ఒక్కసారే. చీర కట్టుకున్న దగ్గర్నుంచీ నా గురించి ఇంత మంది కలిసి ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.

ఎవరో తెలివిగలది వెనక నుంచి, "ఒకటి పోతే మూడే మిగులుతాయి కదండీ, తేలిగ్గా ఉంటుంది," అంది.

ఆఫీసరు టక్కున తిరిగాడు. "అంటే అది కూడా సాయమేగా?"

మా కళ్ళజోడు సారు ముందుకొచ్చారు. "సార్, తప్పు జవాబు వినడం మాల్‌ప్రాక్టీసని ఏ రూల్లో ఉందండీ?"

ఆఫీసరు చేతిలోని పేపర్లకేసి చూశాడు. మీసం ఒకసారి వణికింది, రెండుసార్లు వణికింది, ఆ తర్వాత పేపర్లు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. పేపర్లన్నీ తిరిగిచ్చేశాడు. పద్మ పేపరు తన చేతికొచ్చాక అప్పుడు ఏడ్చింది. నేనూ అప్పుడే బెంచీ మీద కూర్చున్నాను.

నన్ను మాత్రం పక్కన సైన్సు ల్యాబులోకి మార్చారు. ఎదురుగా ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం. నేనెంత చదివినా అది పల్లెత్తు మాట అనలేదు. గోడకు ఒక పటం వేలాడుతోంది. "మూత్రపిండములు, రక్తమును శుద్ధి చేయును," అని చదివాను. సారు పరుగున వచ్చి ఆ పటాన్ని గోడవైపు తిప్పేశారు.

"మార్చుకోవచ్చా సారూ?"

"వద్దండీ. మీకు దణ్ణం పెడతాను."

పరీక్ష అయ్యాక గేటు దగ్గర ఆ లారీ డ్రైవరు వచ్చి నాకు నిజంగానే దణ్ణం పెట్టాడు. పేరు కోటేశ్వరరావు. బస్సు డ్రైవరు ఉద్యోగానికి టెన్త్ కావాలని రాస్తున్నాడు.

"అమ్మా, మీ నోట చదువుల తల్లి ఉంది. నేను వెనక బెంచీలో కూర్చుని ఒక్కటి వదలకుండా మీరు చెప్పినవన్నీ రాశానమ్మా!"

పద్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి చదవడానికి కాదు.

పద్మ పాసైంది. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ ఆసుపత్రిలో నీలం చీర కట్టుకుని పేషెంట్లను గదమాయిస్తోంది. మా క్లాసువాళ్ళంతా చార్టులో కుడివైపుకు పోయారు. సైన్సు పోయింది ఇద్దరికే, నాకూ కోటేశ్వరరావుకూ. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రాశాం. నన్ను అస్థిపంజరం దగ్గరే కూర్చోబెట్టారు, అతన్ని నాకు అందనంత దూరంలో కూర్చోబెట్టారు. ఇద్దరం గట్టెక్కాం. అతనిప్పుడు బస్సు నడుపుతున్నాడు. నేనెక్కితే మాత్రం దారి నన్నడగడు.

చార్టులో నా పేరుకు ఎదురుగా ఉన్న ఖాళీని భారతి మేడమే నింపింది. కొత్తగా చదువుకోడానికి వచ్చేవాళ్ళకు కోర్సుల కాగితాలూ, ఉద్యోగాల ప్రకటనలూ, దరఖాస్తులూ చదివి వినిపించేవాళ్ళు కావాలి. "ఎంత గట్టిగా చదివితే అంత మంచిదండీ," అంది. రోజూ మధ్యాహ్నం నాలుగు గంటల దాకా నా గొంతు కమ్యూనిటీ హాలు దాటి కూరగాయల బండ్ల దాకా వినిపిస్తుంది. ఆ మధ్య ఒక కూరగాయలామె నా అరుపు విని, తక్కెడ వదిలేసి వచ్చి క్లాసులో చేరింది. ఈ ఉద్యోగానికి మేడం నాచేత ఒక్క షరతు ఒప్పించింది.

ఆ షరతునే ఇప్పుడు మీ అందరి ఎదుటా, మైలవరం అస్థిపంజరం సాక్షిగా, ప్రమాణం చేసి రాస్తున్నాను. ఇక మీదట నేను చదువుతాను గానీ జవాబు చెప్పను. గుండె ఏం చేస్తుందో, వేరు ఏం చేస్తుందో, ఎవరు ఎంత బతిమాలినా నా నోట రాదు.

రాసింది సరిగ్గా ఉందో లేదోనని ఇప్పుడే ఒకసారి పైకి చదివి చూసుకున్నాను. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన పద్మ గోడ అవతలి నుంచి కేకేసింది:

"విన్నాం పిన్నీ! అంటే రేపట్నుంచి జవాబులు చెప్తావన్నమాట!"