పద్మిని పెట్రోలు కక్కిన వారం

నరసరావుపేట బరంపేటలో రామలక్ష్మి టీచరమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ డోరు నంబరు చెప్పరు. "ముందర పాత పద్మిని కారుంటది చూడు, అదే" అంటారు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు అరవై రెండు. ఆ కారు ఆమె ముప్పై అయిదో ఏట సెకండ్‌హ్యాండులో, తన జీతంతో తాను కొనుక్కున్నది. అప్పట్లో ఆ వీధిలో ఆడమనిషి స్టీరింగు పట్టుకోవడం ఎంత వింతంటే, పెద్దవాళ్లు అరుగుల మీంచి లేచి మరీ చూసేవాళ్లు. ఆమె హారను కొట్టి మరీ పోయేది.

ఆమెకో గుణం ఉంది. మంచిదో చెడ్డదో మీరే తేల్చుకోండి. ఇంకొకరు చేసిన పని ఆమె కంటికి ఆనదు. పనిమనిషి తోమిన గిన్నె మళ్లీ కడుగుతుంది. కరెంటాయన బిగించిన స్విచ్చిని ఆయన గేటు దాటగానే ఇంకో అరచుట్టు బిగిస్తుంది. స్కూల్లో హెడ్మాస్టరు దిద్దిన పేపర్లు కూడా రెండోసారి దిద్దిందని చెప్పుకుంటారు. నేనైతే నమ్ముతాను.

అలాంటి ఆమెకు ఆ వారం గండమొచ్చింది. కారు స్టార్టయ్యేది, నాలుగుసార్లు దగ్గేది, నల్లపొగ వదిలి ఆగిపోయేది. బానెట్ ఎత్తితే కార్బురేటరు పెట్రోలు కక్కుతూ ఉండేది. వీధంతా బంకు వాసన. సోమవారం కారుని బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. చూపించి పాసైతే ఇంకో అయిదేళ్లు రోడ్డెక్కొచ్చు. లేకపోతే తుక్కు కిందికి పోవాల్సిందే.

ఆమెకంటే ఎక్కువ తొందరపడ్డవాడు తమ్ముడు బాబూరావు. పక్కిల్లే. కొత్త తెల్ల కారు, దానికో డ్రైవరు. అక్క అంటే ప్రాణమే గానీ, ఆ ప్రేమంతా అక్కని వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పాలనే.

"ఎందుకక్కా నీకీ అవస్థ? ముప్పాళ్లలో నీ చేనుకి పోవాలంటే నా కారుంది. డ్రైవరుకి చెప్తే తీసకపోతాడు."

"నీ డ్రైవరు ఖాళీగా ఉన్నప్పుడు నాకు చేను గుర్తుకు రావాలన్నమాట" అందామె.

చివరికి పందెం పడింది. ఆదివారం మధ్యాహ్నానికి కారు బాగుపడకపోతే తాళం తమ్ముడి చేతికి. బాగుపడితే ఆమె తోలుతుంటే అతను పక్కన కూర్చుని, నోరెత్తకుండా కొండవీడు ఘాట్ రోడ్డెక్కి రావాలి.

మెకానిక్కు ముజమ్మిల్ ఆమె పాత శిష్యుడే. వినుకొండ రోడ్డులో షెడ్డు. బుధవారం కార్బురేటరు విప్పి, గాలి కొట్టి, కొత్త నీడిల్ వేసి, ఊరంతా తిప్పి చూపించి ఇచ్చాడు. చక్కగా నడిచింది. ఇంటికొచ్చాక ఆమె తన అలవాటు కొద్దీ మూత విప్పి తానూ ఒకసారి తుడిచి పెట్టుకుంది. గురువారం పొద్దున మళ్లీ కక్కింది. శుక్రవారం అతను మళ్లీ బాగుచేశాడు, ఆమె మళ్లీ తుడుచుకుంది. శనివారం మళ్లీ అదే కథ. ఆమెకి ఒళ్లు మండింది. షెడ్డుల వరసంతా వినేలా, "టెన్త్‌లో కూడా లెక్క చేస్తే స్టెప్పులు ఎగ్గొట్టేవాడివిరా నువ్వు! ఇప్పటికీ అదే బుద్ధి" అని దులిపేసింది. నలభై దాటిన మనిషి, తలొంచుకుని నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె కొంగు బిగించి, కళ్లజోడు పెట్టుకుని, వాకిట్లో పాత పేపర్లు పరిచి కూర్చుంది. పక్కన నోటుబుక్కు, పెన్ను, దూది డబ్బా. పిలవకుండానే ముజమ్మిల్ వచ్చాడు. "తప్పెక్కడుందో నాకూ చూడాలనుంది మేడం" అన్నాడు. బాబూరావు కాఫీ గ్లాసుతో వచ్చి గోడకానుకున్నాడు. అతని చూపు మాటిమాటికీ వాచీ మీదికే పోతోంది.

మొదట స్పార్క్ ప్లగ్గులు తీసింది. నల్లగా, తడిగా ఉన్నాయి. అంటే పెట్రోలు ఎక్కువౌతోంది, సరే. తర్వాత కార్బురేటరు గిన్నెలో తేలే ఇత్తడి బుడ్డి, అదే ఫ్లోటు, తీసి చెవి దగ్గర ఊపింది. లోపల చప్పుడు లేదు. వేడినీళ్లలో ముంచింది. బుడగ రాలేదు, చిల్లి లేదన్నమాట. ఫ్లోటు నిలిచే ఎత్తుని స్కేలుతో కొలిచింది, సరిగ్గానే ఉంది. ఒక్కొక్కటీ పుస్తకంలో రాసి టిక్కు పెట్టింది.

మిగిలింది నీడిల్. గిన్నె నిండగానే ఫ్లోటు లేచి ఆ నీడిల్‌ని నెట్టి పెట్రోలు దారి మూయాలి. ఫ్లోటు మళ్లీ తగిలించి మూత తలకిందులు చేసింది. ఫ్లోటు బరువుకి దారి మూసుకోవాలి. పెట్రోలొచ్చే గొట్టానికి నోరు పెట్టి ఊదింది. గాలి ఆగలేదు. సుయ్‌మని పోయింది.

"అదుగో!" అన్నాడు ముజమ్మిల్. "కానీ నీడిల్ కొత్తది మేడం."

నీడిల్ తీసి, అది కూర్చునే రంధ్రాన్ని ఎండకి ఎత్తిపట్టింది. కన్నార్పకుండా చూసింది. అంచున సన్నగా ఏదో మెరిసింది. జాకెట్టు పిన్నీసు తీసి మెల్లిగా లాగితే వచ్చింది: ఒకే ఒక్క పోగు. తెల్లగా, పొడుగ్గా.

ఆ పోగుని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. ముప్పాళ్ల చేలో తాను స్వయంగా తీసి, గింజలొలిచి దాచుకున్న పత్తి. ఆ ఇంట్లో దీపానికీ అదే, దెబ్బకీ అదే, ఫ్యాను రెక్కలకీ అదే. ముజమ్మిల్ శుభ్రం చేసిన కార్బురేటరుని ఆమె శుభ్రం చేసిందీ దాంతోనే.

వేళ్ల మధ్య నలిపి పారేస్తే సరిపోయేది. తమ్ముడికి ఇంతదూరం కనపడదు. ముజమ్మిల్ వంగి స్పానర్లు సర్దుతున్నాడు. ఆ క్షణం ఆమె మనసు అటు లాగింది, అబద్ధమెందుకు. తర్వాత పోగుని అరచేతిలో పెట్టుకుంది.

"ఒరేయ్ ముజమ్మిల్, ఇట్టా రా. ఇది చూడు. తప్పు నీది కాదు, నాది. నువ్వు బాగుచేసి ఇచ్చావు, నేను దూది పెట్టి చెడగొట్టా. రెండుసార్లు. షెడ్డు దగ్గర పదిమందిలో నిన్నన్నా కదా, ఆ పదిమందిలోనే వచ్చి చెప్తా."

"అయ్యో, ఏంది మేడం..." అన్నాడతను. కళ్లు మాత్రం తడిశాయి. "దూది లోపల పెట్టకూడదు మేడం, గాలే కొట్టాలి" అన్నాడు.

"రాసుకుంటున్నా" అని నిజంగానే రాసుకుంది.

ఈసారి గాలి అతను కొట్టాడు, బిగింపూ అతనిదే. ఆమె చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ రోజు ఆమె చేసిన కష్టమైన పని అదే. తాళం తిప్పితే పద్మిని ఒక్క దగ్గు లేకుండా అందుకుంది. అరగంట నడిచినా చుక్క కారలేదు. టైము పదకొండున్నర. ఆమె నేరుగా షెడ్డుల వరసకి తోలుకుపోయి, హారను కొట్టి అందర్నీ పిలిచి మరీ తప్పొప్పుకుంది.

సోమవారం బ్రేక్ ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ తిరిగి, "డ్రైవరేడమ్మా?" అన్నాడు. "నేనే" అంది. పాసైంది.

తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడి నుంచే కొండవీడు. మలుపు మలుపుకీ గేరు మారుస్తూ పద్మిని హాయిగా ఎక్కేసింది. బాబూరావు మాట ప్రకారం నోరెత్తలేదు. పైన దిగి, కింద చేలన్నీ చూసి, గాలి పీల్చుకున్నాక మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"చానా బాగా లాగుతుందక్కా. దిగేటప్పుడు నేను తోలతా, తాళమియ్యి."

రామలక్ష్మి తాళం బొడ్లో దోపుకుని, వెనక తలుపు తీసి పట్టుకుంది.

"ఎక్కి కూర్చోరా" అంది. "నేను తీసకపోతా."