అవ్వ వేలిది కాదు తప్పు

ఈ రోజు కోస్గిలోని మా ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక అవ్వ చేతిలో నా పరువు పోయింది.

పొద్దున వేలిముద్ర యంత్రం పని చేయలేదు. కంప్యూటర్‌లో తెర వెనక నడిచే సర్వీసు ఒకటుంది. ఏ వైరు పెట్టినా, ఊడినా పసిగట్టి చెప్పడమే దాని పని. దాని సెట్టింగులు మార్చాను, ఆపాను, మళ్లీ నడిపాను. ప్రతిసారీ అది 'ఫోను కనెక్ట్ అయింది' అని మాత్రమే చూపించింది. నేనడిగేదేమిటి, ఇది చెప్పేదేమిటని దాన్నే తిట్టుకున్నాను. యంత్రం మీద ఎర్రలైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

రేషన్ కార్డు పని మీద వచ్చిన బాలమ్మవ్వ అప్పటికే రెండుసార్లు బొటనవేలు కడుక్కొచ్చి, ముద్ర బాగా పడాలని కాస్త నూనె అంటేలా జుట్టుకు రాసుకుంది. కలుపు తీసీ తీసీ వేలి గీతలు అరిగిపోయాయని, వచ్చినప్పుడల్లా ఆమెకు చెప్పేది నేనే. చివరికి ఆమె బల్ల మీదికి వంగి చూసింది.

"బిడ్డా, కంప్యూటర్‌కు నీ ఫోను పెట్టినవ్. గీ మిషిని వైరేమో గోడకున్న చార్జరుకు పెట్టినవ్. గిట్లయితే ఎట్ల నడుస్తది?"

"రెండూ నల్ల వైర్లే కద అవ్వా..." అని నసిగాను.

వైర్లు మార్చగానే సర్వీసు యంత్రాన్ని గుర్తుపట్టింది. అవ్వ వేలిముద్ర మొదటిసారే పడింది. పోతూ పోతూ ఆమె అందరి ముందూ నా చేయి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసింది.

"నీ ఏలు మంచిగనే ఉంది గని, జర కండ్లే అరిగినట్టున్నయ్ బిడ్డా."

మీలో ఇంకెవరికైనా కళ్లు అరిగాయా? మొహమాటపడకుండా చెప్పండి, నాకు తోడు కావాలి.